కొత్త ఇంటికి తొలి నీరు

జైసల్మేర్ పట్టణం దాటి పడమరకు సాగినకొద్దీ ఊళ్ళు చిన్నవై, ఒకదానికొకటి దూరమవుతాయి. ఆ దారిలోని ఒక కుగ్రామంలో, మేము మదరసాలో చదువుకున్ననాటి మా సహాధ్యాయి కొత్త ఇల్లు కట్టుకున్నారు. వచ్చి దుఆ చేయమని పిలిస్తే జూన్ నెలాఖరున వెళ్ళాము.

తీరా వెళ్ళి చూస్తే ఇల్లు సిద్ధంగానే ఉన్నది గాని అందులో ఎవరూ లేరు. కుటుంబమంతా పక్కనే ఉన్న పాత గుండ్రటి గుడిసెలోనే కాపురముంటున్నది. దానిని అక్కడ ఝోంపా అంటారు. మట్టి, పేడ కలిపి మెత్తిన గోడ, పైన ఎడారి గడ్డి కప్పు. గుండ్రని గోడ గనుక ఇసుక గాలి దానిని ఒరుసుకుంటూ పోతుంది. మిట్టమధ్యాహ్నం లోపల చల్లగా ఉన్నది. కొత్త ఇంట్లో మాత్రం పొయ్యి ముందు నిలుచున్నట్లే అనిపించింది. ఆ మాట మిత్రునితో అనలేకపోయాము. అప్పు చేసి కట్టిన ఇల్లు మరి.

"ఇంకా మారలేదేమి?" అని అడిగాము.

"టాంకాలో వాననీరు చేరాకే మారదామంటున్నది అమ్మ. ట్యాంకరు తెప్పిస్తానన్నా వినలేదు. ఇల్లే అప్పు, నీళ్ళు కూడా అప్పేనా అన్నది."

టాంకా అంటే నేలలో తవ్వి కట్టిన నీటి తొట్టి. పాత టాంకా చుట్టూ నేలను వాలుగా చదును చేసి ఉంచారు. వానలకు ముందు దానిని ఊడ్చి, పశువులను అటు రానివ్వరు. అక్కడ పడిన వాన లోపలికి జారుతుంది. ఇంట్లో పెట్టెకు తాళం లేదు గాని టాంకా మూతకు ఉన్నది. కొత్త టాంకాకు స్లాబు మీది నుండి గొట్టం దింపారు. గడ్డి కప్పు ఇవ్వలేని నీటిని స్లాబు ఇస్తుందన్నమాట. అయితే ఆ ప్రాంతంలో ఏడాది వర్షం 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. 50 చదరపు మీటర్ల స్లాబు మీద అదంతా పట్టినా 10,000 లీటర్లు. ఇంట్లో ఏడుగురు మనుషులు, మేకలు వేరు.

అసర్ వేళ అమ్మగారు మా ముందు ఒక చెంబు నీళ్ళు పెట్టారు. ముఖం కడిగేసరికే చెంబు సగమైనది, నీళ్ళు ఇసుకలో ఇంకిపోయాయి. ఆమె ఏమీ అనలేదు. వెడల్పాటి పళ్ళెమొకటి తెచ్చి మా చేతుల కింద జరిపారు. వుజూ ముగిశాక అందులో చేరిన నీటిని వాకిట్లోని ఖేజ్రీ మొదట్లో పోశారు. ఖేజ్రీ అంటే మన జమ్మిచెట్టే. దాని లేత కాయలను అక్కడ కూరగా వండుతారు, రాత్రి మాకూ వడ్డించారు. నది ఒడ్డున కూర్చున్నా వుజూలో నీరు దుబారా చేయరాదని మేము ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్నాము. మా మదరసా కొళాయిల దగ్గర ఏం జరుగుతుందో మాకు తెలుసు. ఆ రాత్రి అన్నం సరిగా సహించలేదు.

మూడు రోజులున్నాము. మబ్బు పట్టలేదు. ఖాళీ ఇంట్లోనే నిలబడి దుఆ చేసి తిరిగి వచ్చాము.

జూలైలో ఒక రాత్రి మిత్రుడు ఫోన్ చేశారు. మాటలేమీ లేవు, ధారగా నీళ్ళు పడుతున్న చప్పుడు మాత్రమే. ఫోనును గొట్టం దగ్గర పెట్టారట. దుమ్ము కడుక్కుపోవటానికి మొదటి జల్లును బయటికి వదిలి, ఆ తర్వాతి వానను పట్టారట. మరునాడు సామాను మార్చారు. అమ్మగారు సాయంత్రం దాకా కొత్త ఇంట్లో కూర్చుని, ఇషా కాగానే తన నులక మంచం ఝోంపాలోకి మోయించుకున్నారట.