తలలో చిరునామా

తలరాత ఎవరూ చదవలేరంటారు మన పెద్దవాళ్ళు. తలలోపలి సంగతీ చాలాకాలం దాదాపు అంతే. 1971 అక్టోబరు 1న లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ గారి సి.టి. స్కానర్ మొదటిసారి ఒకావిడ మెదడులోని కణితిని పుర్రె విప్పకుండానే చూపించింది.

మా పిన్ని కూతురికి తలలో బయాప్సీ అనగానే పిన్ని అడిగిన మొదటి ప్రశ్న, "గుండు చేసేస్తారా డాక్టరుగారూ?" నవ్వకండి. అసలు భయం అడగలేకే ఆడవాళ్ళం జుట్టు గురించి అడుగుతాం.

ఆయన ఓపిగ్గా చెప్పారు. తలకి లోహపు చట్రం బిగించి స్కాన్ తీస్తారట. అడ్డం, నిలువు, లోతు, ఈ మూడు అంకెలతో కణితి చిరునామా దొరుకుతుంది. వీధి, ఇంటి నెంబరు, అంతస్తు అన్నట్టన్నమాట. చిన్న రంధ్రంలోంచి సన్నని సూది అక్కడికే వెళ్ళి బియ్యపుగింజంత ముక్క తెస్తుంది. జుట్టు కాస్తే తీస్తారు.

పెద్ద ఆపరేషన్‌లో ఇంకో చిక్కుంది. పుర్రె తెరిచి లోపలి నీరు జారగానే మెదడు కొద్దిగా జరుగుతుంది. పొద్దుటి పటం మధ్యాహ్నానికి తప్పుతుంది. అందుకే కొన్ని ఆస్పత్రుల్లో మధ్యలో మళ్ళీ ఎం.ఆర్.ఐ. తీసి చూసుకుంటారు.

ఇంతా చేసి, బొమ్మ చూపించేది కణితి ఎక్కడుందో. అది ఏ రకమో ఖాయంగా చెప్పేది ఆ ముక్కే. ప్రమాదం ఎంత, పక్కన ఏమున్నాయి, అన్నీ అడిగాకే పిన్ని సంతకం పెట్టింది. చెయ్యి వణికింది, నిజమే. కానీ దేనికి పెడుతోందో ఆవిడకి తెలుసు.