మామగారి ఫ్యూజు బోర్డు

మా ఇంటి వీధి గుమ్మం దాటగానే ఎడమచేతి గోడకు ఒక టేకు చెక్క బోర్డు ఉండేది. దాని మీద నాలుగు తెల్ల పింగాణీ ఫ్యూజులు, పక్కనే ఇనుప డబ్బాలో మెయిన్ స్విచ్చి. ఒక్కొక్క ఫ్యూజు కింద మా మామగారు నల్ల రంగుతో తెలుగులో పేర్లు రాశారు: ముందుగది, నడిమిల్లు, వంటిల్లు, పెరడు. 1963లో బరంపురంలో ఈ ఇల్లు కట్టినప్పుడు రాసిన అక్షరాలవి. గంజాం 1936లో ఒరిస్సాలో కలిసేనాటికి ఆయన బడిపిల్లవాడు. ఆఫీసులో ఇంగ్లీషు, బజారులో ఒడియా, గుమ్మం లోపల తెలుగు అన్నది ఆయన పద్ధతి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి ఆ రాతలెందుకని అడిగాను. "రాత్రిపూట కరెంటు పోయి, ఇంట్లో మగవాడు లేకపోతే, మీరే చదువుకుని బాగు చేసుకోవాలి కదమ్మా" అన్నారు. ఫ్యూజు తీగ చుట్టడం నాకు నేర్పింది కూడా ఆయనే.

ఆ బోర్డు 2022 శ్రావణంలో ఒక రాత్రి కాలిపోయింది. ఒక విధంగా చూస్తే కాల్చింది నేనే.

మామగారు ఆ బోర్డు పెట్టించిన నాటికి ఇంట్లో ఆరు దీపాలు, రెండు పంకాలు. తరువాత ఫ్రిజ్ వచ్చింది, గ్రైండరు వచ్చింది, నీళ్ల మోటారు, గీజరు వచ్చాయి. 2021లో అబ్బాయి బ్యాంకు అప్పు తీసుకుని మేడ మీద గది వేసి ఏసీ పెట్టించాడు. బోర్డు మాత్రం అదే. నడిమింటి ఫ్యూజు వారానికోసారి పోవడం మొదలెట్టింది. మా కరెంటు మిస్త్రీ ఒడియా కుర్రవాడు, చేతిపని తెలిసినవాడు. "మాఉసీ, ఈ బోర్డు మార్చెయ్యాలి, లోపలి తీగలు ఎండిపోయి పొట్టు రాలుతున్నాయి" అని రెండుసార్లు చెప్పాడు. పండగ వెళ్లాక చూద్దాం అన్నాను. పండగలు చాలా వెళ్లాయి.

మావారికి ఆయాసం. రాత్రిళ్లు మందు పీల్చే యంత్రం కరెంటు మీదే నడవాలి. ఒక రాత్రి ఫ్యూజు పోయి, ఆయన ఊపిరందక కూర్చుంటే, చీకట్లో ఫ్యూజు తీగ ఉండ దొరకలేదు. పాత వైరు ముక్క చీల్చి, మూడు రాగి పోగులు మెలిపెట్టి బిగించేశాను. ఆ తరువాత ఆ ఫ్యూజు ఒక్కసారి కూడా పోలేదు. నేను సంతోషించాను. పోవలసిన వేళకు పోవడమే ఫ్యూజు పని అని అప్పుడు నాకు తోచలేదు. సన్నని తీగ తాను కరిగిపోయి ఇంటిని కాపాడుతుంది. నేను దాని చేత ఆ పని మాన్పించాను.

ఆ రాత్రి కాలిన వాసనకు మెలకువ వచ్చి చూస్తే బోర్డు వెనక నీలం మంట. గుమ్మం తెర అంటుకుంది, తలుపు అంటుకుంది. పక్కింటి కుర్రవాడు "నీళ్లు పొయ్యకండి" అని అరుస్తూ, తమ ఇంటి మరమ్మతుకు పోసిన ఇసుక బకెట్లతో తెచ్చి చల్లాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అంతవరకు దేవుడి దయ.

మరునాడు అబ్బాయికి గుర్తొచ్చింది, అప్పుతో పాటు ఇంటి బీమా కూడా తీసుకున్నామని. పేరు భారత్ గృహ రక్ష. 2021 ఏప్రిల్ 1 నుంచి అగ్నిప్రమాద బీమా చేసే కంపెనీలన్నీ ఇళ్లకు ఈ పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ నిర్ణయించింది. ఏ కంపెనీ దగ్గర కొన్నా షరతులు ఒకటే. బోర్డుతో సహా అంతా వస్తుందని మేము ధీమాగా ఉన్నాం. మిస్త్రీ మాత్రం నన్ను పక్కకు పిలిచి, "మాఉసీ, షార్ట్ సర్క్యూట్ అనకండి, పిడుగు పడిందనండి. అందరూ అలాగే అంటారు" అన్నాడు. ఆ రాత్రి వాన పడిన మాట నిజమే. ఉరిమిందో లేదో ఎవరు చూడొచ్చారు? దాచడమెందుకు, నా మనసు కాస్త అటే మొగ్గింది.

ఆ రాత్రి భూతద్దం, నిఘంటువు పెట్టుకుని పాలసీ పుస్తకం మొత్తం చదివాను. ఇవ్వనివాటి జాబితాలో ఒక వాక్యం ఉంది. షార్ట్ సర్క్యూట్ వల్ల గాని, మితిమీరిన వాడకం వల్ల గాని, తనలో తాను వేడెక్కడం వల్ల గాని ఏదైనా కరెంటు సామాను పాడైతే ఆ సామానుకు పరిహారం లేదు. కారణం ఏదైనా సరే, పిడుగైనా సరే. అయితే ఈ మినహాయింపు ఆ ఒక్క సామానుకే. అందులోంచి మంట లేచి పక్కవి కాలితే వాటికి ఇస్తారు. అంటే బోర్డు వల్ల ఇల్లు కాలితే ఇంటికి డబ్బు వస్తుంది, బోర్డుకు రాదు. మిస్త్రీ నేర్పిన అబద్ధం ఆడినా బోర్డుకు పైసా రాదన్నమాట. చదివి సిగ్గుపడ్డాను. లాభం లేదని తెలిశాక మానుకున్న అబద్ధం గొప్ప సత్యమేమీ కాదు కదా.

సర్వేయరు కటకం నుంచి వచ్చాడు. మా అబ్బాయి ఈడువాడే. మసిబారిన చెక్క మీద మిగిలిన అక్షరాలు చూసి, "ఇది బోర్డు తయారుచేసిన కంపెనీ పేరా?" అని ఒడియాలో అడిగాడు. కాదు, పెరడు అని మా భాషలో రాసి ఉంది అన్నాను. నవ్వాడు. తరువాత నడిమింటి ఫ్యూజు ఊడదీసి, కరిగి ముద్దయిన రాగి చూపించి, "ఇది ఎవరు పెట్టారు?" అన్నాడు. మిస్త్రీ నేల చూపులు చూస్తున్నాడు. నేను నోరు మెదపకపోతే ఆ తప్పు వాడి నెత్తిన పడేది.

"నేనే బాబూ" అన్నాను. అన్నీ చెప్పాను.

రాసుకున్నాడు. మొత్తం డబ్బు పోయినట్టేనా అని అడిగితే, "అజాగ్రత్త వేరు, కావాలని తగలబెట్టడం వేరు. అబద్ధం చెప్పి ఉంటే మొత్తం పోయేది" అన్నాడు.

రెండు నెలలకు డబ్బు వచ్చింది. తలుపు, ద్వారబంధం, గోడ పూత, రంగు, కాలిన సామాను, అన్నీ కలిపి ఇరవై రెండు వేలు. బోర్డుకు సున్నా. మంట తగలకుండానే లోపల చచ్చిపోయిన ఫ్రిజ్‌కూ సున్నా. కొత్త బోర్డు, కొత్త తీగలు, కూలి కలిపి ముప్పై ఒక్క వేలు మా చేతి నుంచే పెట్టుకున్నాం. మొదట ఇది అన్యాయం అనిపించింది. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కొడుకుతో ఫోనులో వాపోతే, "అత్తా, నేను పాత ఇల్లు కొన్నప్పుడు, బోర్డు మార్చేదాకా బీమా చెయ్యమన్నారు. ఆ ఖర్చు కూడా నాదే" అన్నాడు. ఆలోచిస్తే అందులో న్యాయం ఉంది. బీమా అన్నది అనుకోకుండా వచ్చిపడే ఆపదకు. యాభై తొమ్మిదేళ్లుగా మన కళ్ల ముందే అరిగిపోతున్నదానికి కాదు. అది చూసుకోవలసింది ఇంట్లోవాళ్లే.

మన వాళ్లలో తాతల నాటి ఇళ్లలో ఉంటున్నవారు చాలామంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఏసీ, గీజరు కొనేముందు బోర్డు చూపించుకోండి. ఫ్యూజులో రాగి పోగులు చుట్టకండి. పాలసీ ఉంటే, ఇచ్చేవాటికంటే ముందు ఇవ్వనివాటి పేజీ చదవండి. ప్రమాదం జరిగితే కంపెనీకి వెంటనే తెలియజేయండి. సర్వేయరు చూసేదాకా కాలినవి పారెయ్యకండి. న్యాయంగా రావలసినది కంపెనీ ఇవ్వకపోతే ముందు వారికే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. అక్కడ పని జరగకపోతే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఒడిశా వారికి ఆ కార్యాలయం భువనేశ్వర్‌లోనే. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

ఇప్పుడు ఆ గోడకు తెల్లటి ఇనుప పెట్టె ఉంది. తీగ చుట్టే పని లేదు. భారం ఎక్కువైతే మీట దానంతటదే పడిపోతుంది. కరెంటు ఎక్కడైనా లీకైతే, ముప్పై మిల్లీ ఆంపియర్లు దాటకముందే ఇంకో మీట పడుతుంది. మిస్త్రీ వాటి కింద ఇంగ్లీషు చీటీలు అంటించాడు. అవి తీయించేశాను.

మా మనవడికి పదేళ్లు. ఇంగ్లీషు, ఒడియా చదువుతాడు. తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. పాత చెక్కలో ‘పెరడు’ ఉన్న ముక్క ఒక్కటే మిగిలింది. దాన్ని ముందు పెట్టుకుని మొదటి చీటీ వాడే దించాడు. మిగతా మూడూ పలక మీద నేను రాసిచ్చాను. ‘వంటిల్లు’లో లావత్తు దగ్గర చాలాసేపు తంటాలు పడ్డాడు. చెరిపి మూడుసార్లు రాశాడు.

ఆ మరుసటి వేసవిలో ఒక రాత్రి గీజరు పాడై మీట పడింది. నేను లేచి వచ్చేసరికి వాడు టార్చి పట్టుకుని పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు.

"నానమ్మా, వంటింటిది పడింది" అన్నాడు.