పనికి తగిన యంత్రం

ఏ పని ఎవరికి అప్పగించాలో ఎరిగిన మేస్త్రీకి సగం పని అయినట్లే. ఈ మాట మనుషులకే గాక యంత్రాలకూ వర్తిస్తుందని సాఫ్ట్‌వేర్ వృత్తిలో ప్రవేశించిన పిమ్మట గ్రహించాను.

పదిమంది కలిసి ఒక ప్రోగ్రామును రచించేటప్పుడు ఎవరి భాగాన్ని వారు నెలల తరబడి విడిగా వ్రాసుకొని చివర కలిపితే పొంతన కుదరదు. అందుచేత ప్రతి చిన్న మార్పునూ వెంటనే ప్రధాన ప్రతిలో చేర్చి, ప్రోగ్రామును నిర్మించి, పరీక్షించే పద్ధతి ఏర్పడింది. దీనినే కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ అంటారు. హడ్సన్ అన్న పేరుతో మొదలై 2011లో జెంకిన్స్‌గా మారిన సర్వర్ ఈ కోవలో ప్రసిద్ధమైనది. సర్వర్ పనిని పంచుతుంది. చేసేవి ఏజెంట్లనే వేరు యంత్రాలు. సర్వర్ మీదనే బిల్డులు నడపడం క్షేమం కాదు. అక్కడ భద్రపరచిన పాస్‌వర్డులు బిల్డు స్క్రిప్టులకు చిక్కే ప్రమాదముంది.

ఏజెంటును ఎన్నుకొనేటప్పుడు మొదట చూడవలసినది అర్హత. ఐఫోన్ అప్లికేషన్ నిర్మాణానికి మ్యాక్ యంత్రం తప్పదు. ఇట్టి అర్హతలను లేబుళ్ళుగా ఏజెంట్లకు తగిలిస్తారు. పని తనకు కావలసిన లేబులును అడగాలి గాని యంత్రం పేరును అడగరాదు. రెండవది సామర్థ్యం. మెమరీ చాలని యంత్రం మీద నాలుగు బిల్డులు మోపితే నాలుగూ ఆలస్యమవుతాయి.

వీటికన్న ముఖ్యమైనది పరిశుభ్రత. నేనెరిగిన ఒక బృందంలో ఒక బిల్డు ఒకే ఒక పాత యంత్రం మీద సఫలమయ్యేది. కొత్త ఏజెంటు మీద విఫలమైతే అందరూ కొత్తదానినే నిందించి, పనిని పాతదానికే కట్టబెట్టారు. విచారించగా, ఎవరో ఎప్పుడో ఆ పాత యంత్రంలో ఒక లైబ్రరీని చేతితో స్థాపించారనీ, ఆ సంగతి ఎక్కడా వ్రాసి పెట్టలేదనీ తేలింది. ఆ యంత్రం చెడిన నాడు వాడుకదారులకు అందవలసిన సవరణలన్నీ నిలిచిపోయేవి. నిజం చెప్పినది విఫలమైన కొత్త ఏజెంటే!

జెంకిన్స్ సహజంగా ఒక పనిని వీలైనంతవరకు మునుపటి ఏజెంటుకే పంపుతుంది. అందువల్ల వేగం కలుగుతుంది గాని ఇట్టి లోపాలు మరుగున పడతాయి. కనుక ప్రతి బిల్డుకూ కొత్త కంటైనరును సృష్టించి, పని ముగియగానే తొలగించడం మేలని నా అభిప్రాయం. లైబ్రరీలను ప్రతిసారీ దింపుకోవడం వల్ల జరిగే ఆలస్యాన్ని కాష్ కొంత తగ్గిస్తుంది. అది వీలుకాని చోట పని ప్రారంభానికి ముందు ఆవరణనైనా శుభ్రం చేయాలి.

ఈ వృత్తిని చేపట్టనున్న విద్యార్థి మిత్రులు ఒక్కటి గుర్తుంచుకొందురు గాక. ఒక యంత్రం పోయినప్పుడు, వ్రాసిపెట్టిన సూచనలను బట్టి మరొకటి అదే పనిని చేయగలిగితేనే మన ఎంపిక సరియైనది.