అలమారలోని మందుల డబ్బా

చైతన్యపురిలోని మా యింటి అలమారలో ఒక మందుల డబ్బా గలదు. నిరుడు నాకు తామర వచ్చినపుడు వైద్యులు వ్రాసియిచ్చిన ఇట్రాకొనజోల్ గుళికలు నాలుగు అందులో మిగిలియుండెను.

మా అత్తగారికి కడుపులో పుండు. ఎండోస్కోపీ చేసిన వైద్యులు ఆమ్లమును తగ్గించు మాత్ర నిచ్చిరి. అయినను రాత్రులందు మంటతో ఆమె లేచి కూర్చుండుట చూడలేకుంటిని. ఇంతలో పొరుగింటి పిన్నిగారు వచ్చి, తామర మందును కడుపుపుండ్లకు పరీక్షించుచున్నారని యెచటనో వింటి ననిరి. వెంటనే నేను డబ్బా తెరచితిని. అత్తగారు నా చేయి పట్టుకొని, “అమ్మాయీ, ముందు డాక్టరుగారి నడుగుము” అనిరి.

డాక్టరుగారు కోపింపలేదు. “పాత మందును క్రొత్త రోగమునకు పరీక్షించుట మంచిదే. శిలీంధ్రములకు వాడిన ఆంఫోటెరిసిన్ బీ, కాలా అజార్‌కును మందైనది. కాని పరీక్ష వేరు, ఇంటిలో నిచ్చుట వేరు” అని యిట్లు వివరించిరి.

పెక్కు పుండ్లకు మూలము హెలికోబాక్టర్ పైలోరీ యను బాక్టీరియా. 1982లో దానిని పెంచి చూపిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమానము వచ్చెను. తామర మందు శిలీంధ్రపు పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్‌ను తయారు కానీయదు. ఈ బాక్టీరియాకు అట్టి పొరయే లేదు. వేరొక దారిని పనిచేయునేమో పరీక్షించియే తెలిసికొనవలెను. పైగా ఆ గుళిక ఒంటబట్టుటకు కడుపులో ఆమ్లము కావలెను. అత్తగారు మ్రింగునది ఆమ్లమును తగ్గించు మాత్ర! దాని జాతిదే యగు కీటోకొనజోల్ మాత్రలను, కాలేయమునకు హాని కలుగుటచే, 2013లో అమెరికా, ఐరోపా దేశములు కట్టడి చేసెను.

పుండ్లు కొన్ని తమంతట తామే మానును. కావున ఒక యింటిలో మానినంతమాత్రమున మందు గొప్పదనరాదు. మందు పుచ్చుకొన్నవారిని పుచ్చుకొననివారితో పోల్చవలెను. మన దేశమున 2019 నాటి నియమముల ప్రకారము, పాత మందును క్రొత్త రోగమునకు పరీక్షించుటకును అనుమతి కావలెను.

తుదకు డాక్టరుగారు, “అమ్మా, ఇంకేమైన మాత్రలు వాడుచున్నారా?” అని యడిగిరి. అత్తగారు తల వంచి, మోకాళ్ల నొప్పికి దినమున కొక మాత్ర వేసికొనుచున్నా ననిరి. అట్టి మాత్రలును పుండునకు కారణములే యట! వానిని మానిపించి, బాక్టీరియా పరీక్షకు వ్రాసిరి.

ఆ నొప్పిమాత్రలును మా డబ్బాలోనివే. నేను అత్తగారికి మందు వెదకినది అందులోనే. ఆమెకు పుండు తెచ్చినదియు అందులోనిదే కావచ్చును. సోదరీమణులారా, మీ డబ్బాను నేడే యొకసారి తెరచి చూడుడు.