జీనువాయిని పోల్చుట

గోదావరిఖని ప్రాంతమున బొగ్గుకొఱకు త్రవ్విపోసిన మట్టిదిబ్బలు కొండలవలె నిలిచియున్నవి. వానలకు వానిమీద గడ్డి మొలిచి గింజపట్టునప్పటికి, బొటనవ్రేలికంటె నించుక పెద్దవైన పిట్టలు గుంపులుగా వచ్చి వ్రాలును. ఇచ్చటివారు వీనినెల్ల పిచ్చుకలే యందురు. ఇవి జీనువాయిలు. వీని దాయాదులు ఆఫ్రికాఖండపు పచ్చికబయళ్లలో పెక్కుజాతులుగా నున్నవి.

పోల్చుటకు పెద్ద సాధనము లక్కఱలేదు, ఓపిక చాలును. పిట్ట యెగురునప్పుడు తోకమొదలు చూడవలెను. అది తెల్లగానుండి, ముక్కు వెండిబూడిదవన్నెయై, తోక నల్లగా మొనదేఱియుండెనా, తెల్లముక్కు జీనువాయి. దీనికి ఆఫ్రికాలో తోబుట్టువువంటి జాతి కలదు. పూర్వము శాస్త్రజ్ఞులు రెంటిని ఒక్కటిగానే యెంచిరి. తోకమొదట తెలుపున్నది మనది, నలుపున్నది వారిది. ఇక ఎఱ్ఱ జీనువాయి మాట. పోతుపిట్ట వానకాలమున మంకెనపూవువలె ఎఱ్ఱనై, మేనెల్ల తెల్లచుక్కలు దాల్చును. ఋతువు దాటగనే పెట్టవలె వెలవెలబోవును. ముక్కురంగును నెలలనుబట్టి మాఱును. కాని తోకమొదటి యెఱుపు మాత్రము పోతునకును పెట్టకును ఏడాదిపొడుగున నుండును. ఈ గుర్తొక్కటి తెలిసిన మోసపోవుట యుండదు.

మోసమనుట వట్టిమాట కాదు. పిట్టలనమ్మువారు సాదాజీనువాయిలకు పచ్చరంగు, ఎఱ్ఱరంగు పూసి క్రొత్తజాతులని చెప్పుదురు. పూర్వము అహమ్మదాబాదునుండి ఎఱ్ఱపిట్టలు పంజరములలో విదేశములకు పోయెను. ఆ యూరిపేరే చెడి ఆంగ్లమున 'అవడవట్' అయినది. 1972లో వన్యప్రాణి సంరక్షణశాసనము వచ్చినది. నేడు వీనిని పట్టుటయు నమ్ముటయు నేరము. అయినను పిల్లల ముచ్చటకని కొనువా రున్నంతవఱకు వల పన్నువారు నుందురు. గృహిణులారా, పంజరము కొనిపెట్టుటకంటె బిడ్డను గట్టుమీదికి తీసికొనిపోయి చూపుట సులువు, ఖర్చులేనిదియును.

ఇంకొక మాట. 1931-32లో సలీం అలీ నిజాంరాజ్యపు పక్షులను పరిశీలించినప్పుడు ఈ దిబ్బలు లేవు. ఇప్పుడు దిబ్బలమీద మొక్కలు నాటుచున్నారు, మంచిదే. చెట్లే పచ్చదనమనియు గడ్డి బీడనియు తలంచుటను మాత్రము మే మొప్పము. జీనువాయికి గడ్డిగింజయే అన్నము. వాలులయందు కొంతమేర గడ్డిని గింజరాలువఱకు కోయక, కాల్చక విడిచిన నెవరికి నష్టము?

మొన్నటి కార్తికమున, ప్రొద్దుగ్రుంకువేళ, తుమ్మచెట్టున గిజిగాడు విడిచిన గూటిలోనికి ఆఱు తెల్లముక్కు పిట్టలు ఒకదానివెనుక నొకటి దూఱుట చూచితిమి. ఏడవది చోటుచాలక కొంతసేపు గూటివాకిట వ్రేలాడి, తుదకు లోనికే త్రోసికొనిపోయినది.