ఆ ఒడ్డు ఎవరిది? (పల్లె మాటలు – 17)



పోయిన వారం శ్మశానం దారి గురించి రాశాను. ఈ వారం సముద్రానికి పోయే దారి గురించి.

మాది సూళ్లూరుపేట వైపు ఒక మాలపల్లె. చిన్నప్పుడు శ్రీహరికోటలో రాకెట్ ఎగిరితే బడి ముందర నిలబడి చూసేవాళ్ళం. ముందు వెలుగు కనిపించేది. చాలాసేపటికి చప్పుడు వచ్చేది. అప్పుడు అందరం ఈలలు వేసేవాళ్ళం. మా పల్లె దాటాక చెరువు కట్ట కింద యానాదుల గుడిసెలుండేవి. అక్కడి అవ్వ ఒకామె మాత్రం రాకెట్ వైపు చూసేది కాదు. "మా ఊరు మీదనుంచి పోతా ఉండాది" అనేది. మేం నవ్వేవాళ్ళం. ఆమె చెప్పింది నిజమని తెలియడానికి నేను యూనివర్సిటీకి పోవాల్సి వచ్చింది.

ఆ అవ్వ పుట్టింది దీవిలోనే. పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్యన ఉన్న ఆ ఇసుక దీవిలో యానాదులు తరతరాలుగా బతికారు. చిరివేరు తవ్వారు, తేనె తీశారు, చేపలు పట్టారు. 1835లో దీవిని కంపెనీ ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. అప్పటికే వాళ్ళు అక్కడున్నారని థర్‌స్టన్ 1909లో అచ్చేసిన పుస్తకమే చెబుతుంది. అయినా ఈనాటికీ రాకెట్ కేంద్రం గురించి రాసేవాళ్ళలో చాలామంది "జనం లేని దీవి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. యానాది జనం కాదా?

1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నారు. దానికి కారణాలున్నాయి. తూర్పు తీరం కాబట్టి తూర్పుకు ప్రయోగిస్తే భూమి తిరిగే వేగం కలిసొస్తుంది. కింద సముద్రమే కాబట్టి ఏదైనా కూలినా ఊళ్ళ మీద పడదు. 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. 2002లో కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. సుమారు 145 చదరపు కిలోమీటర్ల నేల, 27 కిలోమీటర్ల తీరం ఆ కంచె లోపల ఉన్నాయి.

2019లో జనం కూర్చుని ప్రయోగం చూడటానికి అక్కడ గ్యాలరీ కట్టారు. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని గుర్తింపు కార్డు తీసుకుని పోవాలి. 2023 జులై 14న చంద్రయాన్-3కి నేను అవ్వ పేరు కూడా నమోదు చేశాను. "ఏంది అబ్బయా, మా ఊరికి పోను చీటీ రాపిచ్చినావా?" అని నవ్వింది. కొత్త కోక కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది.

సరస్సు మధ్యలోంచి రోడ్డు. ఎండాకాలం దాటి ఎక్కువ రోజులు కాలేదు. నీళ్ళు వెనక్కి పోయి చానా చోట్ల తెల్లగా ఉప్పు తేలిన నేలే కనిపిస్తోంది. అవ్వ కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఈడ మా అమ్మ నీళ్ళలో కూచోని రెండు చేతుల్తో తడిమి రొయ్యలు పట్టేది. బుట్ట నడుముకు కట్టుకొనేది" అని చూపించింది.

మధ్యాహ్నం 2:35కి రాకెట్ లేచింది. గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది. జెండాలు ఊపుతున్నారు. పిల్లలు ఎగురుతున్నారు. నా ఒళ్ళు కూడా జలదరించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? అవ్వ మాత్రం కూర్చునే ఉంది. చప్పుడు తగ్గాక నా చెయ్యి పట్టుకుని అడిగింది: "సంద్రం ఎటు అబ్బయా?"

మేమున్న చోటు నుంచి చెట్లే కనిపిస్తున్నాయి. చెట్ల వెనక అని చూపించాను. "మా నాయన్ని ఆడనే పెట్టినారు, ఒడ్డు కాడ" అంది. ఇంకేం అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు దారంతా మాట్లాడలేదు.

మిత్రులారా, ఆ ప్రశ్న దగ్గరే నేను ఆగిపోయాను.

ఒడ్డు ఎవరిదో చట్టం చెప్పకపోలేదు. గాలి, పారే నీరు, సముద్రం, దాని తీరం అందరివీ అని ఆరో శతాబ్దంలోనే రోమన్ చట్టం రాసుకుంది. మన సుప్రీంకోర్టు 1996లో బియాస్ నది ఒడ్డున కట్టిన ఒక మోటెల్ కేసులో అదే సూత్రాన్ని తీసుకుంది. ఆ తీర్పు ప్రకారం ఇలాంటి ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే, యజమాని కాదు. ధర్మకర్త ఒడ్డును మూసేస్తే ఎందుకు మూశాడో, ఎంతవరకు మూశాడో, ఎవరి దారి పోయిందో లెక్క చెప్పాలి.

బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువులో దోసిలి ముంచింది దాహం తీర్చుకోవడానికి కాదు. అందరిదీ అన్న నీరు మాది కూడా అని చెప్పడానికి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల దగ్గర కులం పేరుతో ఆపకూడదన్న మాట రాజ్యాంగం 15(2)లోకి వచ్చింది ఆ పోరాటాల నుంచే. ఒడ్డు గురించి మాట్లాడాల్సింది కూడా మనమే.

"దేశ భద్రత కదా అన్నా, అక్కడికి అందర్నీ ఎలా పంపుతారు?" అని కొందరు తమ్ముళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అక్కడ ఘన ఇంధనం తయారవుతుంది. ప్రయోగ వేదిక పక్కన ఎవరినీ తిరగనివ్వమని నేను అడగట్లేదు. కానీ హిందూ మహాసముద్రంలో డియెగో గార్సియా ఉంది. అమెరికా సైనిక స్థావరం కోసం 1968 నుంచి 1973 దాకా బ్రిటన్ ఆ చాగోస్ దీవుల జనాన్ని ఖాళీ చేయించింది. మన శ్రీహరికోట కాలమే. అలాంటి చోటికి కూడా 2006లో చాగోస్ వాళ్ళను ఓడలో తీసుకెళ్ళి పెద్దల సమాధులు చూపించారు. యుద్ధ విమానాలు దిగే దీవిలో కుదిరింది, ప్రయోగం లేని రోజున శ్రీహరికోటలో ఎందుకు కుదరదు?

ఇంకో మాట కూడా చెప్పాలి. కంచె ఒక్కటే గోడ కాదు. తమిళనాడు వైపు పులికాట్‌లో 'పాడు' అనే కట్టుబాటు ఉంది. ఎవరు ఎక్కడ, ఏ రోజు వల వేయాలో మత్స్యకార కులాల పెద్దలు వంతులు వేసుకుంటారు. అందులో దళితులకు, ఆదివాసులకు వంతు లేదు. అక్కడిదాకా ఎందుకు, మా మాలపల్లెలోనే యానాదికి గ్లాసు వేరుగా ఉండేది. మా నాయన ఆ గ్లాసు చూరులో పెట్టేవాడు. నేను అదే గ్లాసులో అవ్వకు నీళ్ళిచ్చాను. ఇప్పుడు ఆమె తరఫున రాస్తున్నాను కాబట్టి అది దాచడం తప్పు.

మా డిమాండ్లు పెద్దవేం కాదు.

ఒకటి, భూసేకరణ నాటి రికార్డులు బయటపెట్టాలి. ఏ గూడెం, ఎన్ని కుటుంబాలు, ఎవరికి ఏమిచ్చారో ఊరూరా చదివి వినిపించాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(8) నిర్వాసితుల హక్కు గురించి మాట్లాడుతుంది. భూమి పరిహారం ఇవ్వకపోయి ఉండాలి, సేకరించిన భూమిని ఐదేళ్ళలో ఆ పనికి వాడకపోయి ఉండాలి అని షరతులు పెట్టింది. ఇక్కడ ఎవరికి వర్తిస్తుందో రికార్డులు తీస్తేనే తేలుతుంది.

రెండు, ప్రయోగాలు లేని సమయంలో ఏడాదికి కొన్ని రోజులైనా ఆ దీవి బిడ్డలు పెద్దల మట్టి దగ్గరికి, ఒడ్డు దగ్గరికి పోయి రావాలి.

మూడు, ప్రయోగం పేరుతో వేట ఆపిన రోజుకు కూలి కట్టివ్వాలి. పడవ ఉన్నవాళ్ళకే కాదు, చేతులతో రొయ్యలు పట్టే యానాది ఆడవాళ్ళకు కూడా.

సూళ్లూరుపేట ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. తిరుపతి పార్లమెంటు కూడా అంతే. మనం ఓటేసి పంపినవాళ్ళను అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అక్కడ చదువుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. మీ ఊరి యానాది పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ గూడెం పేరు, అయినవాళ్ళ పేర్లు రాసుకోండి. ఆ తరం పోతోంది.

అవ్వ ఇప్పుడు మంచంలో ఉంది. మొన్న పోతే కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది. "మళ్ళా చీటీ రాపిస్తావా అబ్బయా? ఈసారి సంద్రం కాడికి" అంది. రాపిస్తానన్నాను.

ఆ మాట నిలబెట్టుకోవడానికి మీరు కావాలి.

జై భీమ్.