అడిగి కట్టిన పన్ను

ఒక ఏడాది మా దుమ్ముగూడెంలో పంచాయతీ ఇంటిపన్ను వేసినప్పుడు మా పశువుల కొట్టాన్ని కూడా గదిగా లెక్కించారు. అసలు పన్నే కట్టబోమని పట్టుబట్టాము. అమ్మ మాత్రం, "రావలసింది కట్టండి, తప్పుగా వేసింది అడగండి" అంది.

ప్రక్కింటి కోయ అవ్వకూ అదే పొరపాటు జరిగింది. అడగడానికి భయపడి మేకను అమ్మబోతోంది. రెండు ఇళ్ళూ కొలిచి, అర్జీ వ్రాసి, ఆమెను వెంటబెట్టుకొని వెళ్ళాము. లెక్క సరిచేశారు. పన్ను కట్టి, రశీదు కొంగున ముడివేసుకుంది అవ్వ. మేక ఇంటనే ఉంది.

2021లో విశాఖపట్నం, విజయవాడలలో ఆస్తి విలువను బట్టి ఇంటిపన్ను వేయడంపై నివాసుల సంఘాలు కలిసి అభ్యంతరం తెలిపాయి. మా ఊళ్ళో అలాంటి సంఘం లేదు. ప్రియ చదువరులారా, తోడుగా నడిచే పొరుగువారైనా ఉండాలి గదా!